కిండర్‌గార్టెన్ ఏడాది: పిల్లల నుంచి ఏం ఆశించాలి, ఇంట్లో ఎలా సరిచూసుకోవాలి

"బడిలో చేర్చి మూడు నెలలైంది, పాపకు ఇంకా రాయడం రాలేదు." "పక్కింటి బాబు వంద దాకా చెబుతున్నాడు, మావాడు ఇరవై దగ్గరే ఆగిపోతున్నాడు." "రోజూ ఏడుస్తూనే వెళుతోంది, మాన్పించమంటారా?" బడులు తెరిచిన కొత్తలో తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు మాటలు మారినా దాదాపు ఈ మూడే. ఒక్కొక్కరికి విడిగా జవాబు రాసే బదులు, ఏడాది ఏ వరుసలో నడుస్తుందో అదే వరుసలో, మీరు చేయవలసిన పనులను ఇక్కడ పెడుతున్నాను.

ఒకటో తరగతికి ముందు ఉండే ఈ చదువు కొన్నిచోట్ల ఒక ఏడాది, మరికొన్నిచోట్ల రెండేళ్లు ఉంటుంది. పిల్లల వయసు సాధారణంగా నాలుగు, ఆరేళ్ల మధ్య ఉంటుంది. ఒకే తరగతిలో కూర్చున్న ఇద్దరు పిల్లల మధ్య వయసులో పది, పదకొండు నెలల తేడా ఉండవచ్చు, అయిదేళ్ల వయసులో అది చాలా పెద్ద తేడా. అందువల్ల కింద చెప్పిన వాటిని తేదీలుగా కాక దిశలుగా తీసుకోండి. అక్షరాలూ అంకెలూ ఈ ఏడాదిలో పైకి కనిపించే పని మాత్రమే. అమ్మానాన్నలు లేనిచోట నిబ్బరంగా ఉండడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, తరగతి మొత్తానికి చెప్పిన మాట తనకు కూడా చెప్పినట్టేనని గ్రహించడం, తన పనులు తాను చేసుకోవడం అనేవి అంతకంటే పెద్ద పనులు, అవి కుదిరితే మిగిలినవి వాటి వెంట వస్తాయి.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- తేదీ వేసి నాలుగు ముక్కలు రాసుకోవడానికి ఒక నోటుబుక్కు. ఏడాది పొడవునా ఎక్కువగా పనికివచ్చేది ఇదే.
- నెలకు ఒక బొమ్మ, ఒక రాత కాగితం దాచడానికి ఒక ఫైలు.
- పొట్టి క్రేయాన్లు, గీతలు లేని తెల్ల కాగితాలు, మొన లేని చిన్న కత్తెర.
- లెక్కపెట్టడానికి ఇరవై గుండీలో గులకరాళ్లో.
- నాలుగైదు బొమ్మల కథల పుస్తకాలు. కొనవలసిన అవసరం లేదు, గ్రంథాలయం నుంచి తెచ్చి మార్చుకుంటూ ఉంటే మరీ మంచిది.
- పిల్లలు తమంతట తాము విప్పి తొడుక్కోగల బట్టలు, బూట్లు. సులువుగా మూత వచ్చే భోజనం డబ్బా, నీళ్ల సీసా. బ్యాగులో ఉంచడానికి మరో జత బట్టలు. అన్నిటి మీదా పేరు రాయండి.
- టీకాల వివరాలు, అలర్జీలు, అత్యవసర ఫోన్ నంబర్లు, పిల్లలను ఇంటికి తీసుకెళ్లడానికి అనుమతి ఉన్నవారి పేర్లు రాసిన ఒక కాగితం.

1. నిద్ర వేళలను నాలుగు వారాల ముందే మార్చండి

మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకు రోజుకు, పగటి కునుకుతో కలిపి, 10 నుంచి 13 గంటల నిద్ర అవసరమని, ఆరేళ్లు దాటినవారికి 9 నుంచి 12 గంటలు అవసరమని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సూచించింది. లేవవలసిన వేళ నుంచి వెనక్కి లెక్కవేయండి. ఉదయం ఆరున్నరకు లేవాలంటే రాత్రి ఎనిమిదిన్నరకు నిద్రలో ఉండాలి. పక్క మీదికి చేరడానికీ నిద్రపట్టడానికీ మధ్య పోయే అరగంటను నిద్రలో కలిపి లెక్కవేయడం చాలామంది చేసే పొరపాటు. రెండు మూడు రోజులకొకసారి పావుగంట చొప్పున ముందుకు జరపండి. ఆఖరి వారంలో ఒక్కసారిగా గంటన్నర జరిపితే రోజూ ఉదయం పోరాటమే అవుతుంది.

సరిచూసుకోవడం సులభం. ఒకటి రెండు పిలుపులకే లేస్తున్నారా, సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు బండిలోనే నిద్రపోతున్నారా అన్నది గమనించండి. రోజూ దారిలోనే నిద్రపోతుంటే రాత్రి నిద్ర చాలడం లేదన్నమాట.

2. సొంత పనులను బడి సామగ్రితోనే అలవాటు చేయించండి

టీచర్ ఒకరే ఉంటారు, ఎదురుగా ఇరవై మందో ముప్ఫై మందో ఉంటారు. డబ్బా మూత తీసుకోలేని పిల్లవాడు తన వంతు వచ్చేదాకా ఆకలితో కూర్చోవలసి వస్తుంది. కాబట్టి ఈ క్రింది పనులు బడి మొదలయ్యేనాటికి వస్తే మేలు: మరుగుదొడ్డికి వెళ్లాలని అడగడం, బట్టలు తీసుకుని మళ్లీ వేసుకోవడం, శుభ్రం చేసుకోవడం, సబ్బుతో చేతులు కడుక్కోవడం, డబ్బా, సీసా తెరిచి మూయడం, ముక్కు తుడుచుకోవడం, తన పూర్తి పేరు చెప్పడం.

ఏ పనినైనా చివరి అంచె నుంచి నేర్పండి. జిప్పు పెట్టడమే తీసుకుంటే, మొదట అంతా మీరే చేసి ఆఖరున పైకి లాగడం మాత్రం వారికి వదలండి. అది వచ్చాక సగం నుంచి లాగనివ్వండి. రెండు అంచులను కలిపి తొడగడం అన్నిటికంటే చివర నేర్పండి. ఇలా చేస్తే ప్రతిసారీ పని పూర్తయిన సంతోషం పిల్లలకే దక్కుతుంది. మొదటి అంచె నుంచి మొదలుపెడితే, అన్నిటికంటే కష్టమైన చోటే విసిగిపోయి "నువ్వే చెయ్యి" అంటారు.

బడి మొదలయ్యే ముందు వారంలో ఒక పూట అసలు డబ్బా, అసలు బట్టలు, అసలు బ్యాగుతో పూర్తి అభ్యాసం చేయించి, మీరు చేతులు కట్టుకుని చూడండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ వస్తువును మార్చడం తరచుగా నేర్పడం కంటే త్వరగా అయ్యే పని: గుండీల లాగుకు బదులు ఎలాస్టిక్ లాగు, తాళ్ల బూట్లకు బదులు వెల్క్రో బూట్లు. తాళ్లు ముడివేయడం ఈ వయసులో చాలామందికి రాదు, దాని కోసం ఇప్పుడు కష్టపెట్టవద్దు.

ఒక హెచ్చరిక. బడి మరుగుదొడ్డి ఇంట్లో ఉన్నలాంటిది కాకపోవచ్చు. నీళ్లు వదిలినప్పుడు వచ్చే శబ్దానికి భయపడి రోజంతా బిగబట్టుకునే పిల్లలు ఉన్నారు. చేర్చే ముందే తీసుకెళ్లి చూపించండి. బడిలో అప్పుడప్పుడు బట్టలు తడుపుకోవడం మొదటి నెలల్లో మామూలే, మారు జత బట్టలు అందుకే. రాత్రి పక్క తడపడం గురించి కూడా కంగారు వద్దు, అయిదేళ్ల వయసులో నూటికి సుమారు 15 మందిలో అది కనిపిస్తుంది.

3. టీచర్‌కు ఒక పేజీ రాసివ్వండి

అలర్జీలు, మందులు, కళ్లజోడు, ఇంట్లో మాట్లాడే భాష, దేనికి భయపడతారు, ఏడిస్తే దేనితో ఊరుకుంటారు, ఇటీవల ఇంట్లో వచ్చిన మార్పులు ఏమైనా ఉంటే అవి రాయండి. ఇంటి భాషా బడి భాషా వేరైతే, అత్యవసరమైన ఏడెనిమిది మాటలకు (నీళ్లు, నొప్పి, మరుగుదొడ్డి వంటివి) ఇంట్లో ఏమంటారో కూడా రాయండి. ఒక పేజీ దాటవద్దు. నాలుగు పేజీల వివరణను మొదటి వారంలో చదివే తీరిక ఏ టీచర్‌కూ ఉండదు.

4. మొదటి వారాల ఏడుపును ఎదుర్కొనే పద్ధతి

ముందురోజు రాత్రే మర్నాడు ఏం జరుగుతుందో వరుసగా చెప్పండి: "పొద్దున్న కలిసి వెళతాం, గేటు దగ్గర టీచర్ ఉంటారు, నువ్వు ఆడుకుంటావు, అన్నం తింటావు, కథ వింటావు, అప్పుడు నేను వస్తాను." గడియారం వేళలు వారికి తెలియవు, పనుల వరుస తెలుస్తుంది. గేటు దగ్గర రోజూ ఒకే తీరుగా, అర నిమిషంలో ముగిసే వీడ్కోలు చెప్పి బయలుదేరండి. వెనక్కి రావద్దు, కిటికీలోంచి తొంగిచూడవద్దు.

చూడకుండా జారుకోవడం అన్నిటికంటే నష్టం చేసే పొరపాటు. ఆ పూటకు ఏడుపు తప్పినట్టు కనిపిస్తుంది కానీ, మీరు ఎప్పుడైనా మాయం కావచ్చని అర్థమైన పిల్లలు ఇంట్లో కూడా కొంగు వదలరు. రెండో పొరపాటు, ఏడుపు చూడలేక మధ్యలోనే ఇంటికి తీసుకొచ్చేయడం. గట్టిగా ఏడిస్తే ఇంటికి వెళ్లవచ్చన్న పాఠం ఒక్కసారితోనే వంటబడుతుంది.

ఫలితాన్ని గేటు దగ్గరి ఏడుపుతో కొలవవద్దు. "నేను వెళ్లాక ఎంతసేపటికి ఊరుకున్నారు? తిన్నారా? ఆడారా?" అని టీచర్‌ను అడిగి నోటుబుక్కులో రాసుకోండి. చాలామంది కొద్ది నిమిషాల్లోనే ఆటలో పడతారు. ఆ సమయం వారం వారం తగ్గుతూ ఉంటే, గేటు దగ్గర ఎంత రాగం తీసినా మీ పని సవ్యంగా నడుస్తున్నట్టే. మొదటి వారం ఉత్సాహంగా వెళ్లి, రెండో వారంలోనో సెలవుల తర్వాతో ఏడవడం మొదలుపెట్టే పిల్లలు కూడా ఎందరో ఉంటారు; బడి రోజూ ఉంటుందని వారికి అప్పటికి గానీ తెలియదు మరి.

కుదరకపోతే వేరే దారులు ఉన్నాయి. దిగబెట్టే మనిషిని మార్చి చూడండి, అమ్మను వదలని బిడ్డ తాతయ్యను సులభంగా వదలవచ్చు. ఇంటి వాసన ఉన్న చేతిరుమాలు జేబులో పెట్టండి. బడి ఒప్పుకుంటే మొదటి వారం సగం పూటకే పంపండి.

అయితే అయిదారు వారాల తర్వాత కూడా రోజంతా ఏడుస్తూ ఏమీ తినకపోయినా, బడి ఉన్న రోజుల్లోనే కడుపునొప్పి వస్తున్నా దాన్ని పట్టించుకోవాలి. అంతకంటే ముఖ్యంగా, హాయిగా వెళుతున్న బిడ్డ హఠాత్తుగా ఒక మనిషి పేరు చెప్పినా ఒక గది పేరు చెప్పినా బెదిరిపోతే, అదే రోజు ప్రశాంతంగా కూర్చోబెట్టుకుని వినండి. "వాళ్లు కొట్టారా?" వంటి జవాబు అందించే ప్రశ్నలు వేయకుండా, "అక్కడ ఏం జరిగిందో చెప్పు" అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకుని, వెంటనే బడి బాధ్యులతో మాట్లాడండి.

5. ఇంటికి వచ్చిన మొదటి గంటను ఖాళీగా ఉంచండి

బడిలో బుద్ధిగా ఉంటున్నారని టీచర్ చెబుతున్నా, ఇంటికి రాగానే చిన్న విషయానికే నేల మీద పడి దొర్లే పిల్లలను చూసి తల్లిదండ్రులు అయోమయపడతారు. నాలుగైదు గంటలు తమను తాము అదుపులో పెట్టుకున్న అలసట అది, తమవాళ్ల దగ్గరే బయటపడుతుంది. నీళ్లు, తినడానికి ఏదైనా, ఆ తర్వాత ఆట. ట్యూషను, హోంవర్కు ఆ గంటలో పెట్టవద్దు.

"ఈరోజు ఏం నేర్చుకున్నావు?" అన్న ప్రశ్నకు "ఏమీ లేదు" అన్న జవాబే వస్తుంది. చిన్నగా, ఒక దృశ్యం గుర్తొచ్చేలా అడగండి: "ఎవరి పక్కన కూర్చున్నావు?", "ఇవాళ ఎవరైనా ఏడ్చారా?", "టీచర్ ఏ కథ చెప్పారు?" బొమ్మ వేస్తూనో స్నానం చేస్తూనో ఉన్నప్పుడు అడిగితే మాటలు ఇంకా సులువుగా వస్తాయి.

మూడు, నాలుగేళ్ల పిల్లలకు తెర ముందు గడిపే సమయం రోజుకు గంట మించకూడదని, కదలికతో కూడిన ఆట కనీసం 180 నిమిషాలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అయిదేళ్ల పిల్లలకు కూడా ఇదే కొలతను దగ్గరగా పాటించడంలో నష్టమేమీ లేదు. ఇంటికి వచ్చిన వెంటనే ఫోన్ చేతికిస్తే నిశ్శబ్దం దొరుకుతుంది, నిజమే. రోజంతా ఏం జరిగిందో చెప్పే ఆ ఒక్క వేళ మాత్రం పోతుంది.

6. జలుబులకు సిద్ధంగా ఉండండి

చిన్నపిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు రావడం సాధారణం, కొత్తగా గుంపులోకి వెళ్లినవారికి ఇంకా ఎక్కువే రావచ్చు. జ్వరం వస్తే, మందు వేయకుండానే 24 గంటలు జ్వరం లేదని చూసుకున్న తర్వాతే పంపండి. పొద్దున్నే మాత్ర వేసి పంపడం తోటి పిల్లలకూ అన్యాయమే. మీరిద్దరూ ఉద్యోగస్తులైతే, సెలవు ఎవరు పెట్టాలన్నది జబ్బు రాకముందే తేల్చుకోండి. చేతులు 20 సెకన్లు సబ్బుతో రుద్ది కడగడం అలవాటు చేయండి.

ఒక విషయం మాత్రం చాలామంది గమనించరు. వరుస జలుబుల తర్వాత నడిమి చెవిలో ద్రవం నిలిచి వినికిడి కొంతకాలం తగ్గవచ్చు. పిలిస్తే పలకడం లేదని, మాట వినడం లేదని ఫిర్యాదు వస్తే, మందలించే ముందు చెవి పరీక్ష చేయించండి. కంటి పరీక్ష కూడా అంతే. ఒక కన్ను మందగించినా రెండో కంటితో నెట్టుకొచ్చే పిల్లలు తమకు కనిపించడం లేదని ఎప్పుడూ చెప్పరు, ఎందుకంటే అందరికీ అలాగే కనిపిస్తుందని అనుకుంటారు. ఈ వయసులో మొదలుపెట్టిన చికిత్స ఆలస్యంగా చేసినదానికంటే బాగా ఫలిస్తుంది.

7. చదువు: ముందు చెవి, తర్వాత కన్ను

చదవడానికి పునాది అక్షరాల పట్టిక కంటే ముందే, మాటల్లోని ధ్వనులను విడదీసి వినగలగడంలో పడుతుంది. దీనికి పుస్తకం అక్కర్లేదు, దారిలో నడుస్తూ ఆడుకోవచ్చు. ఈ వరుసలో వెళ్లండి.

- మాటను ముక్కలు చేయడం: "కమలం" అంటూ మూడు చప్పట్లు, "బంతి" అంటూ రెండు.
- ఒకేలా ముగిసే మాటలు పట్టుకోవడం: పలక, పిలక, చిలక.
- మొదటి ధ్వని: "'మ'తో మొదలయ్యేవి చెప్పు", "మామిడి, మల్లె, గొడుగు, వీటిలో ఏది వేరు?"
- కలపడం: మీరు "గొ... డు... గు" అని ఆగి ఆగి అంటే వారు "గొడుగు" అని చెప్పాలి.
- తీసేయడం: "'చిలక'లో 'చి' తీసేస్తే ఏం మిగిలింది?" ఇది కష్టమైనది, ఏడాది చివరికి వచ్చినా చాలు.

ఒక అంచె అవలీలగా వచ్చేదాకా తర్వాతి దానికి పోవద్దు. ఇవి వచ్చిన పిల్లలకు అక్షరం చూపించి "దీని ధ్వని ఇది" అని చెప్పినప్పుడు, ఆ గుర్తు దేనికో వారికి ముందే తెలిసి ఉంటుంది.

ఇంట్లో రోజుకు పదిహేను నిమిషాలు కథ చదివి వినిపించండి. చదివిన కథనే మళ్లీ అడిగితే విసుక్కోవద్దు. నాలుగోసారి వింటున్నప్పుడే తర్వాత ఏమవుతుందో ముందుగా చెప్పడం, కొత్త మాటలను వాడడం మొదలవుతుంది. మధ్యలో ఒకటి రెండు చోట్ల ఆగి "ఇప్పుడు ఏమవుతుందనుకుంటున్నావు?" అని అడగండి, అంతకుమించి పరీక్షలు పెట్టవద్దు.

సాధారణంగా జరిగే పొరపాటు, కంఠస్థాన్ని చదవడంగా భావించడం. 'అ' నుంచి వరుసగా గడగడా చెప్పే బిడ్డకు, వరుస తప్పించి 'ఉ' ఒక్కటే చూపిస్తే తెలియకపోవచ్చు. సరిచూసుకోవాలంటే అక్షరాలను విడి కాగితాల మీద రాసి కలిపేసి, అయిదారు మాత్రమే చూపించండి. కథల విషయంలో, విన్న కథను బొమ్మలు చూస్తూ మొదలు, మధ్య, చివర ఉండేలా తిరిగి చెప్పగలుగుతున్నారా అన్నది చూడండి. ఏడాది చివరికి తెలిసిన అక్షరాలతో చిన్న చిన్న మాటలు కూడబలుక్కుని చదివితే చక్కగా నడుస్తున్నట్టు. గుణింతాలూ ఒత్తులూ ఉన్న లిపిలో నేర్చుకోవలసిన గుర్తులు ఎక్కువ కాబట్టి మరింత కాలం పడుతుంది, వేరే లిపి నేర్చుకునే పిల్లలతో పోల్చవద్దు.

8. రాత: పెన్సిల్ పట్టుకునే ముందు వేళ్లు

ఎక్కువ కన్నీళ్లు కారేది ఇక్కడే. చేతి కండరాలు, వేళ్ల అదుపు సిద్ధం కాకముందే పేజీలు పేజీలు రాయిస్తే, పెన్సిల్‌ను గుప్పిట బిగించి పట్టుకునే అలవాటు స్థిరపడుతుంది, దాన్ని తర్వాత మార్చడం కష్టం.

పిల్లలు రాతకు ఎంత సిద్ధంగా ఉన్నారో ఆకారాలు చెబుతాయి. మీరు గీసిన వృత్తాన్ని చూసి గీయడం సుమారు మూడేళ్లకు, కూడిక గుర్తు నాలుగేళ్లకు, చతురస్రం నాలుగున్నర, అయిదేళ్లకు, త్రిభుజం అయిదేళ్లు దాటాక వస్తాయి. ఏటవాలు గీతలు అన్నిటికంటే ఆలస్యం. చతురస్రమే ఇంకా రాని బిడ్డ చేత మెలికల అక్షరాలు రాయించబోవడం వృథా.

ముందుగా మట్టి లేదా పిండి ముద్దను పిసకడం, పూసలు గుచ్చడం, కాగితం చింపి అతికించడం, కత్తెరతో గీత మీద కత్తిరించడం, బట్టల క్లిప్పులు పెట్టి తీయడం చేయించండి. తర్వాత గోడకు అంటించిన పెద్ద కాగితం మీద నిలబడి గీయనివ్వండి, మణికట్టు సరైన కోణంలో నిలుస్తుంది. క్రేయాన్లు పొట్టివి ఇవ్వడం మంచిది. బొటనవేలు పొడవున్న ముక్కను గుప్పిటతో పట్టుకోవడం కుదరదు, మూడు వేళ్లు వాటంతట అవే సర్దుకుంటాయి. అక్షరాలను మొదట ఇసుకలో వేలితో పెద్దగా రాయించి, ఆ తర్వాతే కాగితం మీదికి తేండి. ఒక విడతకు పది నిమిషాలు చాలు.

ఎడమ చేత్తో రాస్తే అలాగే రాయనివ్వండి. కాగితాన్ని కొంచెం కుడి వైపుకు వాల్చి పెడితే చేయి రాత మీద పడకుండా ఉంటుంది. బలవంతంగా చేయి మార్పించడం వల్ల ఒరిగేదేమీ లేదు.

బీ, డీ అక్షరాలను తారుమారు చేయడం, 3, 7 అంకెలను అద్దంలో బింబంలా తిప్పి రాయడం, ప, వ, మ వంటి దగ్గరి పోలిక ఉన్నవాటిలో తికమకపడడం సుమారు ఏడేళ్ల దాకా మామూలు. ఎర్ర సిరాతో కొట్టివేయకుండా, పక్కన సరైనది ఒకసారి రాసి చూపించి వదిలేయండి. ఫలితం తెలుసుకోవాలంటే ఫైలులో దాచిన కాగితాలను మూడు నెలలకొకసారి వరుసగా పరచండి. గీత మీద ఒత్తిడి, అక్షరం పరిమాణం, పేరు రాసే తీరు మారుతున్నాయేమో చూడండి. ఏడాది చివరికి తన పేరు చూడకుండా రాయడం, మనిషి బొమ్మకు తల, ఒళ్లు, కాళ్లు, చేతులు పెట్టడం ఆశించవచ్చు.

9. లెక్క: వంద దాకా చెప్పడం కంటే పది దాకా ఎంచడం

అంకెల వరుసను పాటలా చెప్పడం ఒకటి, వస్తువులను ఎంచడం మరొకటి. పదమూడు గుండీలు వరుసగా పెట్టి ఎంచమనండి. ఒక్కో గుండీకి ఒక్కో అంకె చెబుతూ వేలు పెడుతున్నారా, రెండుసార్లు ఎంచుతున్నారా, కొన్నిటిని వదిలేస్తున్నారా చూడండి. ఎంచడం అయ్యాక "మొత్తం ఎన్ని?" అని అడగండి. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే, చివర చెప్పిన అంకే మొత్తమన్న సంగతి ఇంకా తెలియలేదని అర్థం. వంద దాకా గడగడా చెప్పే పిల్లలు కూడా ఇక్కడ ఆగిపోవడం అరుదేమీ కాదు. మూడో పరీక్షగా "నాకు ఏడు ఇవ్వు" అనండి. ఏడు దగ్గర ఆగగలగడం అన్నిటికంటే కష్టం.

దీనికి ఇంటి పనులే అభ్యాసం: నలుగురికి నాలుగు గ్లాసులు పెట్టడం, మెట్లు ఎంచడం, ఉతికిన మేజోళ్లను జతలు చేయడం, పాచిక వేసి గడులు కదిపే ఆట. పాచిక మీది చుక్కలను ఎంచకుండానే చూడగానే చెప్పడం మొదలైతే మంచి పురోగతి. చిన్న కూడికలు వస్తువులతో, వేళ్లతో చేయనివ్వండి. వేళ్లు వాడవద్దని అనకండి.

ఒక విషయంలో మాత్రం తొందరపడి దిద్దవద్దు. రెండు వరుసల్లో ఆరేసి గుండీలు పెట్టి, పిల్లలు చూస్తుండగానే ఒక వరుసను దూరం దూరంగా జరిపి "ఎక్కడ ఎక్కువ ఉన్నాయి?" అని అడిగితే, ఈ వయసువారిలో చాలామంది పొడవైన వరుసనే చూపిస్తారు. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జాన్ పియాజే గమనించిన ప్రసిద్ధ విషయమిది. ఆరు, ఏడేళ్లకు అది దానంతట అదే సర్దుకుంటుంది.

"రోజంతా ఆడిస్తున్నారు, చదువు చెప్పడం లేదు" అని బడి మీద విసుగు వచ్చినప్పుడు, 1837లో జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ ఈ తరహా బడిని మొదలుపెట్టినప్పుడు పిల్లల చేతికి ఇచ్చిన సామగ్రి దారంతో అల్లిన బంతులు, చెక్క గోళాలు, ఘనాలు, దిమ్మెలేనని గుర్తుచేసుకోండి. దిమ్మెలను సమంగా పేర్చే బిడ్డ లెక్కే చేస్తోంది.

10. స్నేహాలు, తగవులు

ఇవాళ ప్రాణస్నేహితుడు, రేపు పచ్చి, ఎల్లుండి మళ్లీ స్నేహితుడు. ప్రతి తగవుకూ మీరు అవతలి తల్లిదండ్రులకు ఫోన్ చేయవద్దు. బదులుగా ఇంట్లో మూడు వాక్యాలు పలికించి అభ్యాసం చేయించండి: "అది నాకు నచ్చలేదు, ఆపు", "నీ తర్వాత నాకు ఇస్తావా?", "నేనూ ఆడవచ్చా?" ఆపమన్నా ఆపకపోతే టీచర్‌కు చెప్పడం చాడీ కాదని కూడా చెప్పండి. ఇంట్లో ఆడే ప్రతి ఆటలోనూ వారినే గెలిపించవద్దు. ఓడిపోవడం తెలియని బిడ్డకు బడిలో ప్రతి ఆటా ఏడుపుతోనే ముగుస్తుంది. మాట తీరు ఎలా ఉందో కూడా ఇక్కడే తెలుస్తుంది. కొత్తవారికి కూడా వారి మాట దాదాపు మొత్తం అర్థమవుతూ ఉండాలి. 'ర' వంటి ఒకటి రెండు ధ్వనులు నిలదొక్కుకోవడానికి మరికొంత కాలం పట్టవచ్చు.

11. టీచర్‌ను కలిసినప్పుడు అడగవలసినవి

"మావాడు ఎలా చదువుతున్నాడు?" అంటే "బాగానే" అన్న జవాబు వస్తుంది, దానితో మీకు ఉపయోగం లేదు. నోటుబుక్కు తీసుకెళ్లి ఇవి అడగండి: తరగతి మొత్తానికి చెప్పిన పనిని విడిగా చెప్పకుండానే మొదలుపెడుతున్నారా? ఒక పనిలోంచి ఇంకో పనికి మారేటప్పుడు ఇబ్బంది పడుతున్నారా? కష్టమైనప్పుడు సాయం అడుగుతున్నారా, వదిలేస్తున్నారా? ఎవరితో ఆడుతున్నారు? ఇంట్లో మేము ఒక్క పని చేయాలంటే ఏది చేయమంటారు?

ఇంట్లో కనిపించేదీ బడిలో కనిపించేదీ వేరుగా ఉంటే వాదించవద్దు, రెండూ నిజమే కావచ్చు. ఇంట్లో గలగలా మాట్లాడే బిడ్డ బడిలో నెలల తరబడి నోరు విప్పకపోతే మాత్రం దాన్ని సిగ్గుగా కొట్టిపారేయకండి, నిపుణులకు చూపించండి. పిల్లల ముందే వారి లోపాల గురించి టీచర్‌తో మాట్లాడడం, ఇంటికి వచ్చాక "టీచర్ నీ గురించి ఏం చెప్పారో తెలుసా" అని మొదలుపెట్టడం, రెండూ మానండి.

12. ఏడాది చివర సరిచూసుకోండి

ఒకే రోజు అన్నీ అడిగి పరీక్షలా చేయవద్దు. ఒక వారం పాటు మామూలు పనుల్లోనే గమనించి, నోటుబుక్కులో "వచ్చింది", "సగం వచ్చింది", "ఇంకా లేదు" అని రాయండి. వీడ్కోలు చెప్పి లోపలికి వెళ్లడం, రెండు మూడు పనులు కలిపి చెబితే గుర్తుంచుకుని చేయడం, పది పదిహేను నిమిషాలు కూర్చుని కథ వినడం, కథను తిరిగి చెప్పడం, పేరు రాయడం, చాలా అక్షరాలను విడిగా గుర్తుపట్టడం, ఇరవై లోపు వస్తువులను తప్పు లేకుండా ఎంచడం, తన వంతు కోసం ఆగడం, సొంత పనులు చేసుకోవడం, ఇవీ చూడవలసినవి. ఏడాది మొదట్లో రాసుకున్న పేజీని పక్కన పెట్టుకుని పోల్చండి, పక్కింటి బాబుతో కాదు.

"ఇంకా లేదు" అన్నవి రెండు మూడే ఉంటే సెలవుల్లో ఆటగా కొనసాగించండి. సగానికి పైగా అలాగే ఉంటే, టీచర్‌తోనూ పిల్లల వైద్యుడితోనూ మాట్లాడండి. కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఏడాది చివరి దాకా ఆగకుండా వెంటనే చూపించండి: ముందు వచ్చిన మాటలు గానీ నైపుణ్యాలు గానీ పోవడం, ఎదురుగా ఉన్నవారి ముఖం చూసి స్పందించకపోవడం, కొత్తవారికి మాట చాలావరకు అర్థం కాకపోవడం, ఆరు నెలలకు పైగా నత్తి కొనసాగడం, తరచుగా పడిపోవడం, పుస్తకాన్ని ముఖానికి ఆనించుకుని చూడడం. వెళ్లేటప్పుడు నోటుబుక్కునూ ఫైలునూ తీసుకెళ్లండి. పావుగంట పరీక్షలో బిడ్డ నోరు విప్పకపోయినా, తేదీలు వేసిన ఆ కాగితాలు వైద్యుడికి కావలసింది చెబుతాయి.